ఇంటి భోషాణమునకు లోకమెరిగిన చిరునామా

గోదావరి మండలములలోని పాత ఇండ్లలో భోషాణము పెద్ద ఆస్తి. భూముల దస్తావేజులు, తాతలనాటి తాటాకు పుస్తకములు, పెండ్లి ఛాయాచిత్రములు, ధాన్యపు లెక్కలు మొదలుగా కుటుంబమునకు విలువయైన కాగితమంతయు దానిలోనే చేరుచుండెను. తాళపుచెవి ఇంటిపెద్ద మొలత్రాట నుండెడిది. కావలసినవారు ఇంటికి వచ్చి, అడిగి, చూచుకొని పోవుచుండిరి.

నేడా కాగితములలో చాల భాగము కంప్యూటరు ఫైళ్ల రూపము దాల్చినది. ఇంటిల్లిపాది ఫోనులలో తీసిన చిత్రములను, స్కాను చేసిన పత్రములను, లెక్కలను ఒకచోట పదిలపరచి, అడిగినవారికి అందించు యంత్రమునకు ఫైల్ సర్వరని పేరు. ఇది ఈ కాలపు భోషాణము. దీనికి గొప్ప యంత్రమేమియు అక్కరలేదు. రెండు డిస్కులుగల చిన్న పెట్టెయైనను, మూలపడిన పాత కంప్యూటరైనను చాలును. ఎడతెగక 20 వాట్ల విద్యుత్తు వాడు యంత్రము నెలకు సుమారు 14 యూనిట్లు ఖర్చు చేయును.

ఇంటిలోని వారికి ఈ భోషాణమును తెరచుట సులభమే. కాని డెల్టాలోని కుటుంబములు నేడు ఒక ఇంట నిమిడియుండుట లేదు. పెద్దలు అమలాపురములోనో భీమవరములోనో ఉన్నచో, పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉందురు. వారికి పొలము పత్రము కావలసివచ్చినప్పుడు ఆ పెట్టెకు ఏమని చిరునామా వ్రాయవలెను? దానికొక సొంత పేరు పెట్టి, ఆ పేరుతో పిలిచిన వెంటనే పలుకునట్లు చేయుట ఎట్లు? ఈ ప్రశ్న చిన్నదివలె కనబడును. సమాధానములో ఇంటర్నెట్టు నిర్మాణమంతయు ఇమిడియున్నది.

తీగ వచ్చినది, చిరునామా రాలేదు

కోనసీమలో సఖినేటిపల్లి మండలమునందలి మోరి గ్రామమున 2016 డిసెంబరు 29వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఫైబరు పథకమునకు ప్రారంభోత్సవము జరిగినది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడింటిని ఒకే తీగపై ఇండ్లకు చేర్చుట ఆ పథకపు సంకల్పము. వెండ్రుకవంటి గాజుపోగుగల తీగలను విద్యుత్ స్తంభముల మీదుగా లాగిరి. సెకనుకు 15 మెగాబిట్ల వేగము నాడు వాగ్దానము చేయబడినది. ఆ వేగముతో ఒక గిగాబైటు ఫైలు సుమారు 9 నిమిషములలో చేరును. అటుపిమ్మట ఇతర సంస్థల తీగలును డెల్టా పట్టణములకు, గ్రామములకు వచ్చినవి.

తీగ వచ్చుటతోనే బయటి లోకమును ఇంటికి తెచ్చుకొనుట సాధ్యమైనది. కాని ఇంటిని బయటి లోకమునకు చూపుట వేరు పని. మొదటిదానికి అడుగుట తెలిసిన చాలును. రెండవదానికి పిలుపు అందుకొనుటకు ఒక స్థిరమైన గుర్తు ఉండవలెను. తీగతోపాటు ఆ గుర్తు రాదు.

సంఖ్యలే అసలు చిరునామాలు

ఇంటర్నెట్టులో ఒక యంత్రము మరియొక యంత్రమును పేరుతో గుర్తుపట్టదు. సంఖ్యతోనే గుర్తించును. ఈ సంఖ్యను ఐ.పి. చిరునామా యందురు. మొదటినుండి వాడుకలో నున్న నాలుగవ రూపములో ఇది 32 ద్విసంఖ్యాస్థానములు గలది. మనుష్యుల సౌకర్యము కొరకు దానిని 203.0.113.25 అనునట్లు నాలుగు భాగములుగా వ్రాయుదురు. ఈ విధముగా ఏర్పడగల సంఖ్యలన్నియు కలిసి 4,29,49,67,296 మాత్రమే, అనగా సుమారు 429 కోట్లు.

ఇంత సంఖ్యను మనసున నుంచుకొనుట మనుష్యులకు కష్టము. అంతేకాక యంత్రమును ఒకచోటినుండి మరియొకచోటికి మార్చినచో సంఖ్యయు మారును. పేరు మాత్రము మారనక్కరలేదు. కావున పేరుకు సంఖ్యకు నడుమ ఒక పట్టిక యుండవలెను. ఆ పట్టికలో సంఖ్యను మార్చినంతనే, పేరు తెలిసిన వారందరు క్రొత్త చోటికి చేరగలరు. పేరును స్థలమునుండి విడదీయుటయే ఈ ఏర్పాటులోని అసలు కీలకము.

ఒక్క పట్టికనుండి వేల పట్టికలకు

మొదటి రోజులలో అమెరికాలోని ఆర్పానెట్ అను యంత్రజాలములో ఈ పట్టిక ఒక్కటే ఉండెను. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున పనిచేసిన బృందము దానిని నిర్వహించెడిది. క్రొత్త యంత్రము చేరినప్పుడెల్ల ఆ బృందమునకు తెలియజేయవలెను. వారు పట్టికను సవరింతురు. అందరును దాని నకలును తెచ్చుకొందురు. ఇది దేశములోని గ్రామములన్నింటికి ఒకే కరణము లెక్కలు వ్రాయుటవంటిది. యంత్రములు పెరిగినకొలది ఆ పద్ధతి నిలువలేదు.

1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి బదులు డొమైన్ నామవ్యవస్థను రూపొందించెను. అందు పట్టిక ఒక్కటి కాదు. అధికారము శాఖలుగా పంచబడినది. డెల్టావాసులకు ఇది క్రొత్త సంగతి కాదు. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటను ఆధ్వర్యమున 1847 నుండి 1852 వరకు కట్టిన ఆనకట్ట నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచినది. 1982లో దాని స్థానమున బ్యారేజి వచ్చినను పంపక విధానము అదే. ధవళేశ్వరములోని ఇంజనీరుకు ప్రతి చేను గట్టు తెలియనక్కరలేదు. ఏ ప్రధాన కాలువకు నీరు వదలవలెనో ఆయనకు తెలిసిన చాలును. శాఖా కాలువ సంగతి అక్కడి లస్కరుకు తెలియును. పంటబోదె సంగతి రైతుకు తెలియును.

డొమైన్ పేర్లును ఇట్లే చదువబడును. మన ఉత్తరముల మీద ముందు మనిషి పేరు, పిదప గ్రామము, మండలము, జిల్లా వ్రాయుదుము. తపాలావారు మాత్రము క్రిందినుండి పైకి చదివి, ముందు జిల్లాకు, పిదప గ్రామమునకు, చివరకు ఇంటికి చేర్చుదురు. డొమైన్ పేరులో చుక్కలచే విడిన భాగములును చిన్నదానినుండి పెద్దదానికి పోవును. యంత్రము వాటిని చివరినుండి మొదటికి చదువును.

'భోషాణము.ఉదాహరణ.భారత్' అను పేరు నొకదానిని ఊహింతము. అమెరికాలోని కుమార్తె ఆ పేరును తన ఫోనులో వ్రాసినది. అక్కడి సంస్థయొక్క వెదకు యంత్రము ముందుగా మూలస్థానమును అడుగును. మూలస్థానమునకు 13 పేర్లు కలవు. వాటి నకళ్లు ప్రపంచమంతట వేయికి మించి యున్నవి. మూలస్థానము చివరి భాగమును మాత్రమే చూచి, 'భారత్' లెక్కలు ఎవరివద్ద నున్నవో చెప్పును. ఆ లెక్కలను 2003లో ఏర్పడిన భారత జాతీయ ఇంటర్నెట్ ఎక్స్చేంజి నిర్వహించును. వారు 'ఉదాహరణ' అను పేరుగల వారి పద్దుపుస్తకము ఏ యంత్రములో నున్నదో చెప్పుదురు. చివరకు ఆ పద్దుపుస్తకమే 'భోషాణము' అను పెట్టె సంఖ్యను చెప్పును. ఇదంతయు సాధారణముగా కనురెప్పపాటున ముగియును.

తెలుగు అక్షరములలో పేరు

పై ఉదాహరణలో పేరు తెలుగులో నుండుట వింత కాదు. తెలుగు లిపిలోని 'భారత్' అను అంత్యనామము 2011లో అనుమతి పొందినది. ఐనను నామవ్యవస్థ పుట్టినప్పుడు రోమను అక్షరములను, అంకెలను, అడ్డగీతను మాత్రమే ఎరుగును. దానిని కదపకయే ఇతర లిపులను చేర్చుటకు 2003లో ఒక ఉపాయము స్థిరపడినది. తెలుగు పేరును లోలోపల ఒక రోమను సంకేతముగా మార్చుదురు. ఆ సంకేతము ఎక్స్, ఎన్ అను రెండక్షరములతోను, రెండు అడ్డగీతలతోను మొదలగును. చదువరికి తెలుగు కనబడును, వ్యవస్థకు సంకేతము కనబడును.

ఇందొక విశేషము కలదు. 'భారత్' మన కంటికి మూడక్షరములు. యంత్రమునకు ఐదు గుర్తులు: భ, దీర్ఘము, ర, త, పొల్లు. కావున ఒత్తులు, గుణింతములు అధికముగా గల పేరు కంటికి చిన్నదైనను సంకేతములో పెద్దదగును. సంకేతరూపమున ప్రతి భాగమును 63 అక్షరములకు మించరాదు. కొన్ని పాత ప్రోగ్రాములు తెలుగు పేర్లను ఇంకను సరిగా గ్రహింపవు. అందువలన తెలుగు పేరుతోపాటు రోమను లిపిలో నొక పేరును ఉంచుకొనుట మేలు.

పేరు పొందుట, పద్దు వ్రాయుట

డొమైన్ పేరును ఎవరును శాశ్వతముగా కొనలేరు. అది కౌలువంటిది. గుర్తింపుపొందిన నమోదుదారువద్ద ఒక సంవత్సరమునుండి పది సంవత్సరముల వరకు నమోదు చేయించుకొనవచ్చును. గడువు ముగిసినప్పుడు రుసుము చెల్లింపనిచో, కొంత వ్యవధి పిమ్మట ఆ పేరు ఇతరులపరము కావచ్చును. కావున నమోదు ఇంటిలోని వారి పేరనే యుండవలెను. గడువు తేదీని కనీసము ఇద్దరు ఎరిగియుండవలెను. పెట్టె నడచుచున్నను, గడువు మరచుటచే పేరు పోయినచో, లోకమునకు ఆ ఇల్లు లేనట్లే.

పేరు వచ్చిన పిమ్మట పద్దుపుస్తకములో వ్రాయవలసిన పద్దులు ముఖ్యముగా మూడు. మొదటిది 'ఎ' పద్దు. ఇది పేరునకు ఎదురుగా 32 స్థానముల సంఖ్యను వ్రాయును. రెండవది నాలుగు 'ఎ'ల పద్దు. ఇది క్రొత్తదైన ఆరవ రూపపు సంఖ్యకు సంబంధించినది. ఆ సంఖ్యకు 128 స్థానములు, అనగా పాతదానికి నాలుగు రెట్లు గనుక నాలుగు 'ఎ'లు. మూడవది మారుపేరు పద్దు. రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరముగా మారినది. ఏ పేరు చెప్పి టిక్కెట్టు అడిగినను చేరునది ఆ ఊరికే. అట్లే ఒక పేరు మరియొక పేరునకు మారుపేరని మూడవ పద్దు చెప్పును.

ప్రతి పద్దునకు ఒక ఆయుఃప్రమాణము కలదు. దానిని సెకనులలో వ్రాయుదురు. ఒకమారు తెలిసికొన్న సంఖ్యను వెదకు యంత్రములు అంతకాలము జ్ఞాపకముంచుకొనును. 86,400 అని వ్రాసినచో ఒక దినము. ఆ దినమున ఇంటి సంఖ్య మారినచో, కొందరు పాత సంఖ్యకే పోయి తలుపు తట్టుచుందురు. సంఖ్య తరచుగా మారు ఇండ్లకు 300 సెకనులు తగినది.

ఇంటి సంఖ్య ఏల మారును?

పెద్ద సంస్థల సర్వర్లకు స్థిరమైన సంఖ్య ఉండును. ఇండ్లకు అట్లు కాదు. తీగ ఇచ్చు సంస్థ తనవద్దనున్న సంఖ్యలను అవసరమునుబట్టి బదులిచ్చును. కరెంటు పోయి రౌటరు ఆగి మరల వెలిగినప్పుడు క్రొత్త సంఖ్య రావచ్చును. నిన్న వ్రాసిన పద్దు నేడు అబద్ధమగును.

దీనికి విరుగుడు చలన నామవ్యవస్థ. ఇంటి పెట్టెలోనో రౌటరులోనో ఒక చిన్న ప్రోగ్రాము నిలిచియుండి, బయటి సంఖ్య మారెనా అని కొన్ని నిమిషములకొకసారి చూచును. మారినచో, రహస్యపదమును చూపి, పద్దుపుస్తకములోని పాత సంఖ్యను కొట్టివేసి క్రొత్తది వ్రాయించును. అద్దె ఇల్లు మారిన ప్రతిసారి తపాలా కార్యాలయమునకు పోయి క్రొత్త చిరునామా చెప్పివచ్చు బుద్ధిమంతుని వంటిది ఈ ప్రోగ్రాము.

రౌటరు ఒక సత్రము

ఇంతటితో పని ముగియలేదు. పద్దులోని సంఖ్య ఇంటి గుమ్మమువరకే దారి చూపును. గుమ్మమున రౌటరు కలదు. ఇంటిలోని ఫోనులు, టెలివిజను, ఫైల్ సర్వరు అన్నియు దాని వెనుక నున్నవి. వాటికి 192.168 అంకెలతో మొదలగు లోపలి సంఖ్యలుండును. ఇవి 1994నుండి లోపలి వాడుకకు ప్రత్యేకింపబడినవి. ఇంటింట ఇవే సంఖ్యలుండును గనుక బయటివారికి వీటివలన ప్రయోజనము లేదు.

రౌటరును ఒక సత్రముతో పోల్చవచ్చును. సత్రములోని బాటసారులందరికి వీధిలో ఒకటే చిరునామా. లోపలివాడొకడు ఉత్తరము వ్రాసినచో, ద్వారపాలకుడు గుర్తుంచుకొని, జవాబు రాగానే వానికే ఇచ్చును. కాని ఎవరును వ్రాయకుండ బయటినుండి ఒక ఉత్తరము వచ్చినచో, అది ఏ గదికో తెలియక పారవేయును. అందుచేతనే ఇంటినుండి లోకమును చూచుట సులభము, లోకమునుండి ఇంటిని చూచుట కష్టము.

ప్రతి సంఖ్యకును 0 నుండి 65,535 వరకు ద్వారములు కలవు. వీటినే పోర్టులందురు. భద్రమైన వెబ్ సంభాషణకు 443వ ద్వారము వాడుక. '443వ ద్వారమునకు వచ్చినదానిని 192.168.1.10 సంఖ్యగల పెట్టెకు ఇమ్ము' అని రౌటరులో ఒక నియమము వ్రాసినచో, ద్వారపాలకునికి గది తెలియును. ఇది గట్టునకు ఒక తూము పెట్టుటవంటిది. తూము ఎంత, అది ఏ చేనికి అను రెండును నిర్ణయించి మరీ పెట్టవలెను. గట్టంతయు తెగగొట్టరాదు. పెట్టె లోపలి సంఖ్య మారకుండునట్లు రౌటరులో స్థిరపరచుటయు అవసరమే.

ఒక చిన్న చిక్కును ఇక్కడ చెప్పవలెను. అమెరికాలో పలికిన పేరు ఇంటిలోని ఫోనుకు పలుకకపోవుట కలదు. లోపలినుండి బయటి సంఖ్యకు పోయి మరల లోనికి తిరుగుట కొన్ని రౌటర్లకు చేతకాదు. అట్టిచోట, ఇంటిలోపలి వెదకు యంత్రము అదే పేరునకు లోపలి సంఖ్యను చెప్పునట్లు అమర్చుకొనవలెను.

సత్రములో సత్రము

డెల్టాలో ఈ ప్రయత్నము చేయువారిలో పలువురు పద్దులు సరిగా వ్రాసి, తూము సరిగా పెట్టి, ఐనను పెట్టె పలుకక విసిగిపోవుదురు. తప్పు వారిది కాదు. 429 కోట్ల సంఖ్యలలో ప్రాంతములకు పంచవలసిన చివరి భాగములు 2011 ఫిబ్రవరి 3వ తేదీన పంచబడినవి. ఆసియా పసిఫిక్ ప్రాంతమున ఆ సంవత్సరము ఏప్రిల్ నుండియే కరువు నియమములు అమలులోనికి వచ్చినవి. ఆలస్యముగా తీగలు వేసిన సంస్థలకు చాలినన్ని సంఖ్యలు దొరకలేదు. అందువలన అవి తమ కార్యాలయములోనే ఒక పెద్ద సత్రము కట్టి, అనేక ఇండ్లను ఒకే బయటి సంఖ్య వెనుక నుంచుచున్నవి. ఇంటి రౌటరు ఆ పెద్ద సత్రములో నొక గది మాత్రమే. మన ద్వారపాలకునికి మనము ఎన్ని చెప్పినను, పై ద్వారపాలకుడు మన మాట వినడు.

దీనిని కనుగొనుట సులభము. రౌటరు తనకు బయటినుండి వచ్చినదని చూపు సంఖ్యను, 'నా సంఖ్య ఏది?' అని అడిగినప్పుడు ఏదైన వెబ్‌సైటు చెప్పు సంఖ్యను పోల్చవలెను. రెండును ఒకటే ఐనచో ఇంటికి సొంత సంఖ్య కలదు. వేరైనచో, విశేషించి రౌటరు చూపు సంఖ్య 100.64 నుండి 100.127 వరకుగల వరుసలో నున్నచో, ఇల్లు పెద్ద సత్రములో నున్నది. 2012లో ఈ పనికొరకే 41,94,304 సంఖ్యలుగల ఆ వరుసను కేటాయించిరి. పేరు కొనుటకు ముందే ఈ పరీక్ష చేయుట మంచిది. పిదప చేయవలసిన పని అంతయు దీనిపై ఆధారపడియున్నది.

సత్రమునుండి బయటపడుటకు మార్గములు మూడు. మొదటిది, సంస్థను అడిగి, అదనపు రుసుముపై స్థిరసంఖ్యను పొందుట. ఇది దొరికినచో చలన పద్దు అవసరమే యుండదు.

రెండవది, ఆరవ రూపపు సంఖ్యను వాడుట. అందు సంఖ్యలకు కరువు లేదు. ఒక ఇంటికిచ్చు అతి చిన్న భాగములోనే సుమారు 1,84,467 కోట్ల కోట్ల సంఖ్యలుండును. ప్రతి పరికరమునకు లోకమంతట చెల్లు సొంత సంఖ్య వచ్చును గనుక సత్రముతో పని లేదు. భారతదేశములో ఇంటర్నెట్టు వాడువారిలో సగమునకు పైగా నేడీ రూపమును పొందియున్నారు. ఐతే పిలుచువాని జాలములోను ఆరవ రూపము ఉండవలెను. లేనిచో పిలుపు అందదు. ఇంటి రౌటరు గోడలో ఆ సంఖ్యకు కావలసిన ద్వారమును తెరువవలెను.

మూడవది, సొరంగము. ఇంటి పెట్టెయే ముందుగా బయటనున్న ఒక స్థిరసంఖ్యగల యంత్రముతో మాట కలిపి, ఆ దారిని తెగకుండ నిలుపుకొనును. డొమైన్ పేరు ఆ బయటి యంత్రమును చూపును. వచ్చిన పిలుపులు నిలిచియున్న దారివెంట ఇంటికి చేరును. వంతెన లేని గోదావరి రేవులో పంటు కట్టుకొని రాకపోకలు సాగించుటవంటిది ఇది. లోపలినుండి బయలుదేరినది గనుక ద్వారపాలకులెవరును అడ్డు చెప్పరు. కాని పంటు మరియొకరిది. దానిని నడపువారు ఆపినచో రాకపోకలాగును. కొన్ని ఏర్పాట్లలో ఫైళ్లలోని విషయము ఆ నడుమ యంత్రములో విప్పబడును. ఏ పద్ధతిని ఎన్నుకొనుచున్నారో తెలిసి ఎన్నుకొనవలెను.

తలుపు తెరచుటకు ముందు

భోషాణమును వీధికి తెరచినప్పుడు బంధువులే కాదు, దొంగలును చూతురు. మిచిగన్ విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిన ఒక సాధనముతో నాలుగవ రూపపు చిరునామాలన్నింటిని ఒక ద్వారము కొరకు 45 నిమిషములలో తట్టి చూడవచ్చునని తేలినది. కావున 'మన చిన్న ఇంటిని ఎవరు చూడవచ్చెదరు?' అనుట భ్రమ. క్రొత్తగా తెరచిన ద్వారమును గంటలలోనే యంత్రములు కనిపెట్టును.

2017 మే 12వ తేదీన వ్యాపించిన వానాక్రై అను దుష్టప్రోగ్రాము 150 దేశములలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కొన్ని కంప్యూటర్లు గూడ దాని వాత బడినవి. అది ప్రవేశించినది 445వ ద్వారమున. ఇంటిలోపల ఫైళ్లు పంచుకొనుటకు వాడునది ఆ ద్వారమే. ఈ ఒక్క సంగతి మరువరాదు: 445వ ద్వారమును లోకమునకు ఎన్నడును తెరువరాదు.

తెరువదగినది 443 ఒక్కటే. అదియు ధ్రువపత్రముతోనే తెరువవలెను. ధ్రువపత్రము పేరును పెట్టెను ముడివేయు ముద్ర. అది యున్నచో మాటలు రహస్యముగా సాగును. వేరొకడు అదే పేరు చెప్పుకొని మోసగింపజాలడు. 2015లో మొదలైన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ వీటిని ఉచితముగా ఇచ్చుచున్నది. పేరు నిజముగా అడిగినవారి అధీనమున నున్నదా అని యంత్రమే పరీక్షించి పత్రమిచ్చును. పత్రముల గడువును క్రమముగా తగ్గించుచున్నారు గనుక వాటిని తిరిగి పొందు పనిని గూడ యంత్రమునకే అప్పగింపవలెను. పత్రములన్నియు బహిరంగ జాబితాలో చేరును. అందువలన పెట్టె పేరులో రహస్యములేవియు ఉండరాదు.

ఇంటివారు పదిమందికి మించనిచో ఇంకొక మార్గము క్షేమకరము. వైర్‌గార్డ్ వంటి గుప్త మార్గమును పెట్టి, తాళపుచెవి గల ఫోనులను మాత్రమే లోనికి రానిచ్చుట. అప్పుడు వీధికి తలుపే కనబడదు. డొమైన్ పేరు ఆ మార్గము మొదలగు చోటును మాత్రము చూపును. బయటివారికి చూపవలసినది ఏదియు లేనప్పుడు దీనిని మించిన పద్ధతి లేదు.

గాలికి, వరదకు

నగరములలోని యంత్రశాలలకు లేని కష్టములు డెల్టా ఇంటికి కలవు. స్తంభములమీది తీగకు తుపాను శత్రువు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమలోని కొబ్బరితోటలను నేలకు వంచినది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమువద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పారినది. నీరు నిలిచిన ఇంట భోషాణమైనను, ఫైల్ సర్వరైనను ఒకటే.

కావున పెట్టెను నేలమీద గాక, ఎత్తయిన బల్లమీద లేదా మేడమీద గాలి ఆడుచోట నుంచవలెను. తేమయు, ఉప్పుగాలియు తగులు కిటికీ ప్రక్కన ఉంచరాదు. కరెంటు పోయినప్పుడు వ్రాయుచున్న ఫైలు చెడకుండ, పెట్టె తనంతట తాను మూసికొనుటకు తగినంతసేపు పనిచేయు బ్యాటరీ నుంచవలెను. అదే బ్యాటరీకి రౌటరును కలిపినచో చిన్న కోతలకు సంఖ్యయు మారకుండును. వీటన్నింటికంటె ముఖ్యము నకలు. ప్రతి ఫైలునకు మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, ఒకటి వేరొక ఊరిలో నుండవలెనని అనుభవజ్ఞుల సూత్రము. హైదరాబాదులోని కొడుకు ఇంట మరియొక చిన్న పెట్టె నుంచి, రాత్రివేళ ఒకదానికొకటి నకలు చేసికొనునట్లు అమర్చుటకు పై చెప్పిన పేరే ఉపయోగపడును. పెట్టెలో రెండు డిస్కులున్నంత మాత్రమున అది నకలు కాదు. వరదకు రెండును కలిసియే మునుగును.

పేరు నిలుచును

ఈ పనిలో ఇంటివారి వశములో నుండునదేది, ఇతరుల వశములో నుండునదేది అని విచారించి చూచిన మేలు. సంఖ్య తీగ సంస్థది. సొరంగము నడపువారిది. ముద్ర ధ్రువపత్ర సంస్థది. వీనిలో ఏది మారినను, పద్దుపుస్తకములో ఒక వరుస దిద్దిన చాలును. పేరు మాత్రము, కౌలు చెల్లించునంతవరకు, ఇంటిది. ఇల్లు అమలాపురమునుండి కాకినాడకు మారినను, పాత పెట్టె చెడి క్రొత్తది వచ్చినను, ఆ పేరుతో పిలిచినవారికి ఆ ఇంటి పత్రములే దొరకును.

ఒక కుటుంబమునకు తెలిసిన ఈ విద్య ఊరి గ్రంథాలయమునకు, సహకార సంఘమునకు, పాఠశాలకు గూడ పనికివచ్చును. గోదావరి తీరమున ఎన్నో ఇండ్లలో, గ్రంథాలయములలో అరుదైన పుస్తకములు, పాత పత్రికలు చెదలకు దగ్గరగా నున్నవి. వాటిని స్కాను చేయువారు నేడు లేకపోలేదు. చేసినదానిని పదిలపరచుటకు చిన్న పెట్టె, వెదకువారికి చూపుటకు ఒక పేరు, కాపాడుటకు వేరొక ఊరిలో నొక నకలు సమకూర్చుకొన్నచో, ఊరి భోషాణము ఊరిలోనే యుండి లోకమునకు ఉపకరించును.